బండి ఓడెక్కాలి, నాన్న సంతకం పెట్టనంటున్నారు

గాజువాక నుంచి వచ్చిన ఉత్తరం ఇది, పేరు వేయొద్దన్నారు. వయసు 34, పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం. నాలుగేళ్ళుగా నడుపుతున్న రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ ఉంది, దాని మీదే మలేషియా, థాయిలాండ్, లావోస్, కంబోడియా తిరిగి రావాలని ఎప్పటి నుంచో కోరిక. మొదట మణిపూర్ వెళ్ళి మోరే దగ్గర బోర్డర్ దాటి మయన్మార్ మీదుగా రోడ్డునే పోదామనుకున్నారట. 2021లో అక్కడ సైన్యం అధికారం లాక్కున్నాక ఆ దారి మీద ఆశ వదిలేసుకుని, బండిని ఓడలో మలేషియాలోని పోర్ట్ క్లాంగ్‌కి పంపి, తను విమానంలో కౌలాలంపూర్ వెళ్ళి అందుకుందామని ప్లాన్ మార్చారు. జనవరి నుంచి మూడు నెలలు జీతం లేని సెలవుకి ఆఫీసులో పైవాళ్ళు నోటిమాటగా సరేనన్నారు.

చిక్కంతా ఇంట్లో మొదలైంది. బావగారు, అంటే అక్క భర్త, పోర్టు ఏరియాలో ఒక ఫ్రైట్ ఫార్వర్డింగ్ (సరుకు ఓడల్లో పంపించే) ఆఫీసులో పనిచేస్తారు, ఎక్కువగా రొయ్యల కంటైనర్లు చూస్తారు. "మన బండి మనం పంపుకోలేమా, వైజాగ్ నుంచే ఎక్కిస్తాను" అని ఒక రేటు చెప్పారు. చెన్నైలో బైకులు పంపే ఒక ఏజెంట్ చెప్పిన రేటు అంతకు రెట్టింపు పైనే ఉంది. అయినా మన పాఠకుడి మనసు చెన్నై వైపే లాగుతోంది, ఎందుకో తనకే సరిగ్గా తెలియడం లేదు. "బావని కాదని పరాయివాడికి డబ్బులు పోస్తావా" అని అక్క మాట్లాడటం తగ్గించేసింది. నాన్నగారు స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైర్ అయ్యారు. బండికి కార్నే (విదేశీ కస్టమ్స్ వాళ్ళకి చూపించే హామీ పుస్తకం) కావాలంటే బ్యాంకు గ్యారంటీ పెట్టాలి, దానికి ఆయన ఎఫ్‌డీ అడిగితే "వెళ్ళొద్దనను, నా సంతకం మాత్రం అడగకు" అన్నారట. తోడు వస్తానన్న స్నేహితుడేమో రెండు బళ్ళూ ఒకే పెట్టెలో, తన పేరు మీద పంపితే ఖర్చు కలిసొస్తుందని, చివర్లో లావోస్‌లోనే బళ్ళు అమ్మేసి విమానం ఎక్కేద్దామని అంటున్నాడు.

"నాన్నని ఎలా ఒప్పించాలి, బావకి ఎలా చెప్పాలి, నాది పిచ్చి పని అయితే అదైనా చెప్పండి" అని ముగించారు.

పిచ్చి పనేమీ కాదండీ. అలాస్కా నుంచి అర్జెంటీనా దాకా బండి మీద పోయేవాళ్ళు కూడా పనామా, కొలంబియాల మధ్య డేరియన్ అడవి దగ్గర ఆగాల్సిందే. అక్కడ దాదాపు వంద కిలోమీటర్ల మేర రోడ్డే లేదు, బండిని ఓడలోనో విమానంలోనో దాటిస్తారు. మన వాళ్ళు పడమరకి వెళ్ళాలన్నా పాకిస్తాన్ గుండా పోలేక ముంబై నుంచి దుబాయ్‌కో, ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌కో బండి పంపుకుంటారు. మీరు చేస్తున్నదీ అదే, కాకపోతే తూర్పుకి.

మీరు నాన్నగారి మాటనీ, బావగారి రేటునీ, స్నేహితుడి ఐడియానీ మూడు వేరువేరు తలనొప్పులుగా రాశారు. నాకు మాత్రం మూడూ ఒక్క కాగితం దగ్గరికే వస్తున్నట్టు కనిపిస్తోంది, అదే కార్నే. అది చేసే పని ఏమిటో మీరు ఇంట్లో ఎవరికీ సరిగ్గా చెప్పినట్టు లేదు. బహుశా మీకూ "బండికి పాస్‌పోర్ట్ లాంటిది" అన్నంత వరకే తెలుసేమో.

మీ బండి ఒక దేశంలోకి వచ్చి, అక్కడ అమ్ముడుపోకుండా, గడువులోపు మళ్ళీ బయటికి పోతుందని మన దేశంలోని ఆటోమొబైల్ అసోసియేషన్ ఆ దేశపు కస్టమ్స్‌కి ఇచ్చే హామీ అది. ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ లాంటివి ఇస్తాయి, ఏడాది చెల్లుతుంది. బండి బయటికి పోయినట్టు రుజువు లేకపోతే దాని దిగుమతి సుంకం కట్టమని ఆ కస్టమ్స్ వాళ్ళు అసోసియేషన్‌ని అడుగుతారు. అసోసియేషన్ ఆ డబ్బు తన జేబులోంచి తియ్యదు కదా, మీరు ముందే పెట్టిన డిపాజిట్టో బ్యాంకు గ్యారంటీయో లాగుతుంది. గ్యారంటీ ఎంత అనేది బండి విలువని బట్టి, వెళ్ళే దేశాలని బట్టి ఉంటుంది. నాలుగేళ్ళ బండి కాబట్టి కొత్త బండికి అడిగినంత అడగరు, అదొక్కటి మీకు కలిసొచ్చేది.

ఇప్పుడు నాన్నగారి మాట ఇంకోసారి చదవండి. ప్రయాణం వద్దనలేదాయన. సంతకం అడగొద్దన్నారు. మీరు దాన్ని భయం అనుకుని ధైర్యం చెప్పబోయారు, రైడర్ల వీడియోలు కూడా చూపించారట. ఆయన అడుగుతున్నది రోడ్ల గురించి కాదు, నీ తప్పుకి నా డబ్బు ఎంతవరకు పూచీ అని. జీతం రాని మనిషి అలా అడగడం న్యాయమే. కాబట్టి ఒప్పించే మాటలు పక్కన పెట్టి, ఆ డబ్బు ఎలా పోవచ్చో, పోకుండా ఏం చేస్తారో ఆయన ముందు పెట్టండి.

పోయే దారి ఇలా ఉంటుంది. కార్నే పుస్తకంలో ఒక్కో పేజీకి మూడు భాగాలు. దేశంలోకి వెళ్ళేటప్పుడు కస్టమ్స్ వాళ్ళు ఒక భాగం చింపుకుని పేజీలో మిగిలేదాని మీద ముద్ర వేస్తారు, బయటికి వచ్చేటప్పుడు రెండోది చింపుకుని మళ్ళీ ముద్ర వేస్తారు. మీరు పోర్ట్ క్లాంగ్‌లో బండి తీసుకున్నప్పుడు మొదటి ముద్ర పడుతుంది, అక్కడ ఏజెంట్ ఉంటాడు కాబట్టి ఇబ్బంది లేదు. అసలు సమస్య మలేషియా నుంచి థాయిలాండ్‌లోకి రోడ్డున దాటే చోట, బుకిత్ కాయు హితామ్ లాంటి బోర్డర్‌లో. రోజూ వేల బళ్ళు పోయే దారి అది, పాస్‌పోర్ట్ మీద స్టాంపు కొట్టి పొమ్మంటారు, కార్నే ఉందా అని ఎవరూ అడగరు. మీరే బండి పక్కన ఆపి, కస్టమ్స్ కౌంటర్ వెతుక్కుని, ముద్ర వేయించుకుని కదలాలి. వర్షం పడుతున్నా, స్నేహితుడు విసుక్కుంటున్నా సరే. ఆ ముద్ర లేకపోతే మలేషియా లెక్కలో మీ బండి ఇంకా వాళ్ళ దేశంలోనే ఉంది. మీరు ఇంటికొచ్చి ఫొటోలన్నీ అందరికీ చూపించేశాక, ఎప్పుడో నోటీసు వస్తుంది, అది నాన్నగారి ఎఫ్‌డీ దాకా పోతుంది.

దీనికి ఒక విరుగుడు కూడా ఉంది, అది ఆయనకి తప్పకుండా చెప్పండి. ఎక్కడైనా ముద్ర తప్పిపోతే, బండి తిరిగి మన దేశంలోనే ఉందని ఇక్కడి కస్టమ్స్ అధికారి బండిని చూసి, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు సరిచూసి ధ్రువీకరించే సర్టిఫికెట్ ఉంటుంది, దాన్ని పెట్టి వాదించుకోవచ్చు. అంటే బండి ఇంటికి తిరిగొస్తే చాలావరకు గట్టెక్కినట్టే.

బండి ఇంటికి రావడం అన్నానా, ఇక్కడే మీ స్నేహితుడి ఐడియా కుప్పకూలుతుంది. లావోస్‌లో అమ్మేయడం అంటే, తాత్కాలికంగా తెచ్చిన బండిని అక్కడ సుంకం కట్టకుండా వదిలేయడం. అక్కడి కస్టమ్స్‌తో తగువు సరే, ఇండియాకి బండి తిరిగి రాకపోతే కార్నే మూతపడదు, కార్నే మూతపడకపోతే గ్యారంటీ వెనక్కి రాదు. అమ్మితే వచ్చే డబ్బు కన్నా ఇరుక్కునే డబ్బే ఎక్కువ కావచ్చు. ఆ మాట నాన్నగారి చెవిన పడలేదనుకుంటున్నాను, పడి ఉంటే ఆయన ఇంత మర్యాదగా మాట్లాడి ఉండరు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, పోర్ట్ క్లాంగ్‌కి బండి ఎలా పోతుందో పేజీలకు పేజీలు ఉంది, వెనక్కి ఎలా వస్తుందో ఒక్క వాక్యం లేదు. బావగారు చెప్పిన రేటు పోవడానికేనా, రావడానికి కూడానా? చెన్నై ఆయన రేటు? బహుశా రెట్టింపు తేడాలో కొంత రహస్యం అక్కడే ఉంది, అడగండి.

మిగతా రహస్యం అవతలి రేవులో ఉంటుంది. ఒక బండికి కంటైనర్ మొత్తం తీసుకోరు, నలుగురి సరుకుతో కలిపి పంపుతారు, దాన్నే ఎల్‌సీఎల్ అంటారు. అందులో బరువు కన్నా పెట్టె ఎంత చోటు తింటుందనే దాని మీదే రేటు, క్యూబిక్ మీటర్‌కి ఇంత అని. ఓడ చార్జీ చూస్తే నవ్వొచ్చేంత తక్కువ ఉంటుంది, ఒక్కోసారి సున్నా కూడా వేస్తారు. ఎందుకంటే అవతలి రేవులో ఆ కంటైనర్‌ని విప్పే ఏజెంట్, గోడౌన్‌లో దింపినందుకు, డెలివరీ ఆర్డర్ ఇచ్చినందుకు, కాగితాలకి, ఇంకా పేర్లు అర్థం కాని నాలుగైదు పద్దుల కింద వసూలు చేసుకుంటాడు, అందులో కొంత ఇక్కడి ఫార్వర్డర్‌కి వెనక్కి పంపుతాడు. అప్పటికి మీ బండి వాళ్ళ గోడౌన్‌లో ఉంటుంది, మీరు హోటల్ గదిలో ఉంటారు, అద్దె లేకుండా ఉంచే రోజులు (ఫ్రీ డేస్) అయిపోతే రోజుకింత అద్దె ఎక్కుతుంది, బేరమాడే స్థితిలో ఎవరూ ఉండరు. బావగారు మోసం చేస్తున్నారని నేననడం లేదు. ఆయన చెప్పింది వైజాగ్ నుంచి ఓడ ఎక్కేదాకా అయ్యే ఖర్చూ, ఓడ ఖర్చూ అయి ఉంటుంది. రొయ్యల కంటైనర్ పంపేటప్పుడు అవతలి ఖర్చు చాలాసార్లు కొన్నవాడిది, ఆయన దాని గురించి ఆలోచించే అవసరమే రాదు. ఇక్కడ అవతల కొన్నవాడు లేడు, అక్కడా మీరే.

కాబట్టి బావగారి దగ్గరికి వెళ్ళి "మీరు చేయలేరు" అనకండి. కొన్ని ప్రశ్నలు అడగండి, జవాబులు మెయిల్‌లో ఇమ్మనండి. పోర్ట్ క్లాంగ్‌లో మీ ఏజెంట్ ఎవరు, అక్కడ నేను కట్టాల్సిన ప్రతి పద్దూ అతని లెటర్‌హెడ్ మీద రాయించగలరా? సరుకు వైజాగ్‌లోనే కంటైనర్‌లోకి ఎక్కుతుందా, లేక లారీలో చెన్నైకి పోయి అక్కడ ఎక్కుతుందా? వైజాగ్‌లో ఎక్కితే ఓడ నేరుగా పోతుందా, కొలంబోలోనో సింగపూర్‌లోనో దింపి ఇంకో ఓడకి మారుస్తారా? బండిని ప్రమాదకర సరుకు కింద డిక్లేర్ చేసే సంగతి చూసుకున్నారా? (పెట్రోలుతో నడిచే వాహనానికి యూఎన్ 3166 అని నంబరు ఉంది, ట్యాంకు ఖాళీ చేసి బ్యాటరీ తీగలు విప్పాక కూడా ఆ మాట ఓడ కంపెనీకి చెప్పాల్సి ఉంటుంది. చెప్పకపోతే చివరి నిమిషంలో పెట్టె ఒడ్డునే ఉండిపోతుంది.) ఇంతవరకు కార్నే మీద ఎన్ని బళ్ళు ఈ కస్టమ్స్ హౌస్‌లో చేయించారు? ఈ చివరిదానికి సమాధానం "ఇదే మొదటిది" అయితే తప్పేం లేదు, కానీ ఎవరి ఖర్చు మీద నేర్చుకుంటున్నారన్నది మీ ఇద్దరికీ తెలియాలి.

ఈ ప్రశ్నలకి ఆయన సరిగ్గా జవాబులు తెచ్చారనుకోండి, వైజాగ్ నుంచి పంపడంలో సుఖం ఉంది. ఆటోనగర్‌లో కళ్ళ ముందే పెట్టె కొట్టించుకోవచ్చు, ఏదైనా కాగితం తగ్గితే సింధియా దాటి పోర్టుకి పోయి రావడం గంట పని, ఎవరైనా ఫోన్ ఎత్తకపోతే అక్క ఉంది. నష్టం ఏమిటంటే, మధ్యలో ఓడ మారితే రోజులు లెక్క తప్పుతాయి, అంతకన్నా ముఖ్యం, ఏదైనా తేడా వస్తే మీరు బావగారితో గట్టిగా మాట్లాడలేరు. చెన్నై ఏజెంట్‌తో అయితే పోట్లాడొచ్చు. మీ మనసు అటు లాగడానికి కారణం ఇదేనని నా అనుమానం. డబ్బు ఎక్కువైనా సరే, అలిగే హక్కు కొనుక్కుంటున్నారు. అందులో సిగ్గుపడాల్సింది లేదు, కాకపోతే దానికి ధర ఎంతో తెలుసుకుని కొనండి. చెన్నై ఆయన్ని కూడా ఇవే ప్రశ్నలు అడగాలి, బైకులు చాలా పంపాడన్న మాట ఒక్కటీ చాలదు, గతంలో పంపినవాళ్ళలో ఒకరిద్దరితో మాట్లాడి అవతల చివరికి ఎంత కట్టారో కనుక్కోండి. చెన్నై దాకా బండి తొక్కుకుంటూ పోవాలి, అక్కడ కస్టమ్స్ పూర్తయ్యేదాకా ఉండాలి, ఆ ఖర్చు కూడా ఆ రేటుకి కలపండి.

మధ్యే మార్గం ఒకటి ఉంది, మీ ఇంటి వాతావరణానికి నాకు ఇదే బాగుంటుందనిపిస్తోంది. బావగారికి కాంట్రాక్టు ఇవ్వకండి, కొటేషన్ చదివే పని ఇవ్వండి. రేవు బిల్లులు రోజూ చూసే మనిషి, ఏ పద్దు మామూలుదో ఏది గాలిలోంచి పుట్టిందో ఆయనకి తెలిసినంత మీకూ నాకూ తెలియదు. "బావా, ఈ చెన్నై కాగితం ఒకసారి చూసి ఎక్కడ కొడుతున్నాడో చెప్పు" అని అడిగితే ఆయన గౌరవం ఎక్కడికీ పోదు, పైగా ఆ రేటు కొంత దిగొచ్చినా ఆశ్చర్యం లేదు. పెట్టె కట్టించే పని కూడా ఆయనకే అప్పగించొచ్చు. అక్కతో మాత్రం మీరే విడిగా మాట్లాడాలి. ఆమె బాధ రేటు గురించి కాదు, తన భర్త పనితనాన్ని తమ్ముడే నమ్మడం లేదని. ఆ సంగతి బావ ద్వారా కబురు పంపితే తీరదు.

పెట్టె గురించి కాసేపు, ఎందుకంటే డబ్బు మిగిలేది అక్కడే. హిమాలయన్‌ని ఉన్నదున్నట్టు పెట్టెలో పెడితే బయటి కొలత సుమారు 2.3 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, 1.4 మీటర్ల ఎత్తు వస్తుంది, అంటే 3.2 క్యూబిక్ మీటర్లు. ముందు చక్రం, విండ్‌స్క్రీన్, అద్దాలు విప్పి, హ్యాండిల్ వదులు చేసి ట్యాంకు మీదకి వంచి, సస్పెన్షన్ బెల్టులతో కిందికి లాగి కడితే 2 మీటర్లు, 0.8, 1.2 లోపల ఇరికించొచ్చు, అది 1.9. ఒక మధ్యాహ్నం పనికి మూడో వంతు పైన చోటు తగ్గింది, పోను రాను రెండుసార్లూ తగ్గుతుంది. విప్పిన ప్రతి బోల్టూ ఫొటో తీసుకోండి, పోర్ట్ క్లాంగ్ గోడౌన్ ఎండలో మీరే బిగించాలి. చెక్క మామూలు చెక్క పనికిరాదు, ఐఎస్‌పీఎం 15 అనే నియమం ప్రకారం 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి, గోధుమ కంకి గుర్తుతో హెచ్‌టీ అని ముద్ర వేసిన చెక్కే కావాలి. ఆటోనగర్‌లో "అదేం అక్కర్లేదు సార్, గట్టి కర్రే" అంటారు, వినొద్దు. పెట్టెలో హెల్మెట్, టూల్స్, టైరు లాంటివి పెడితే ప్యాకింగ్ లిస్టులో రాయండి, రాయనివి పెట్టొద్దు. అమ్మగారు పచ్చడి డబ్బా అందులో సర్దుతానంటే నవ్వి ఊరుకోండి.

విమానంలో పంపితే అని మీరు ఒక చోట రాశారు. అక్కడా చోటుకే డబ్బు. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 6000తో భాగిస్తే వచ్చేది ఒక బరువు, నిజం బరువు కన్నా అది ఎక్కువైతే దానికే బిల్లు. మీ చిన్న పెట్టె కూడా 320 కేజీల లెక్కకి వస్తుంది. వారంలో చేరుతుంది, రేవు గొడవ ఉండదు, సెలవు తక్కువ ఉన్నవాళ్ళకి అది నిజంగా బేరమే. మీకు మూడు నెలలుంది.

స్నేహితుడి రెండో సలహా, ఒకే పెట్టె, ఒకే పేరు. వద్దు. బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఎక్కించుకున్నట్టు ఇచ్చే రసీదు, బీఎల్ అంటారు) మీద ఎవరి పేరుంటే బండి వాళ్ళదే, అతని విమానం ఆలస్యమైనా, అతనికి జ్వరమొచ్చినా, మధ్యలో మీ ఇద్దరికీ మాటలు పడకపోయినా మీ బండి కదలదు. కార్నే మీ పేరున, బీఎల్ అతని పేరున ఉంటే కస్టమ్స్ కిటికీ దగ్గర అదొక కొత్త కథ. రెండు పెట్టెలు, రెండు బీఎల్‌లు, పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరు అక్షరం తేడా లేకుండా. ఖర్చు పంచుకోవాలంటే ఇరవై అడుగుల కంటైనర్ మొత్తానికి కూడా ఒక కొటేషన్ అడగండి. అందులో బళ్ళని పెట్టెలు లేకుండా నేరుగా నేలకి కట్టేయొచ్చు, ఇంకో ఇద్దరు ముగ్గురు తోడు దొరికితే ఎల్‌సీఎల్ కన్నా మనశ్శాంతిగా ఉంటుంది.

బండి చేరాక సంగతులు కూడా కొన్ని సెలవు లెక్కలోకి వస్తాయి. మలేషియాలో రోడ్డెక్కాలంటే అక్కడి రవాణా శాఖ పర్మిట్, అక్కడి ఇన్సూరెన్స్ కావాలి. థాయిలాండ్ 2016 నుంచి విదేశీ బళ్ళకి ముందస్తు పర్మిట్ పెట్టింది, పక్క దేశాల్లో కొన్నింటికి మినహాయింపు ఉంది గానీ మనకి లేదు, అక్కడి టూర్ కంపెనీ ద్వారా వారాల ముందే అప్లై చేసుకోవాలి, దానికి వేరే ఖర్చు. మీ బడ్జెట్‌లో ఈ పద్దు నాకు కనబడలేదు. లావోస్, కంబోడియాల్లో కుడి వైపు నడపాలి, మొదటి రోజు సందు మలుపుల దగ్గర జాగ్రత్త. వియత్నాం కూడా చూద్దామని మీ స్నేహితుడు అంటున్నట్టు రాశారు. మన ఆర్టీఓ ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ 1949 ఒప్పందం కిందది, వియత్నాం గుర్తించేది 1968 ఒప్పందం కిందవి, ఆ దేశం బస్సులో చూడండి. ఉత్తర థాయిలాండ్, లావోస్ కొండల్లో మార్చి, ఏప్రిల్‌లలో పొలాలూ అడవులూ తగలబెడతారు, పొగకి కళ్ళు మండిపోతాయి, కాబట్టి ముందు పైకి పోయి తర్వాత కిందికి రండి.

మీ సెలవు మొత్తం బండి మీదే గడవాలంటే బండి మీకన్నా చాలా ముందే బయల్దేరాలి. ఓడ ఇప్పుడు వస్తుందన్న తేదీని నమ్మి విమానం టికెట్ కొనకండి, ఓడ చేరాక కూడా కంటైనర్ విప్పి సరుకు వేరు చేయడానికి రోజులు పడుతుంది. జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో చైనీస్ కొత్త సంవత్సరం వస్తుంది, ఆ వారం మలేషియాలో ఏజెంట్ల ఆఫీసులు చాలావరకు మూసి ఉంటాయి, బండి సరిగ్గా అప్పుడే దిగితే అద్దె కడుతూ కూర్చోవాలి.

ఇన్సూరెన్స్ అడిగితే ఇద్దరు ఏజెంట్లూ "ఉంటుంది సార్" అంటారు. పాత వాహనాలకి చాలా పాలసీలు మొత్తం పోతేనే ఇస్తాయి, గీతలకీ సొట్టలకీ ఇవ్వవు, చదివి సంతకం పెట్టండి. అయినా తీసుకోండి. 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ అడ్డం తిరిగి ఆరు రోజులు ఇరుక్కుంది గుర్తుందా, ఆ ఓడని విడిపించిన ఖర్చులో వాటా దాని మీద సరుకు ఉన్న ప్రతి ఒక్కరి నెత్తినా పడింది. సముద్ర చట్టంలో అది పాత పద్ధతి, ఓడని కాపాడటానికి అయిన ఖర్చు అందరూ పంచుకోవాలి. మీ బండికి ఏమీ కాకపోయినా మీరు కట్టాలి, ఇన్సూరెన్స్ ఉంటే వాళ్ళు కడతారు.

ఇక మీ ముందున్న దారులు. నాన్నగారి ఎఫ్‌డీ పెట్టించి ఈ జనవరికే వెళ్ళడం ఒకటి. అన్నీ సవ్యంగా జరిగితే ఆయన డబ్బు పోదు, వడ్డీ కూడా వస్తూనే ఉంటుంది, కానీ కార్నే తిరిగిచ్చి మూయించేదాకా ఆయన దాన్ని తాకలేరు. ఆ లోపు ఇంట్లో ఎవరికైనా ఆసుపత్రి అవసరం వస్తే ఏం చేస్తారో మీ దగ్గర జవాబు ఉండాలి, "ఏమీ కాదులే" అనేది జవాబు కాదు. ఆయనకి ఇవ్వాల్సిన మాటలు నిర్దిష్టంగా ఉండాలి: బండి అక్కడ అమ్మను, ప్రతి బోర్డర్‌లో కార్నే మీద ముద్ర పడితే ఆ పేజీ ఫొటో అదే రోజు నీకు పంపుతాను, తిరుగు ఓడ ఖర్చు ఇప్పుడే విడిగా బ్యాంకులో వేసి చూపిస్తాను. ఇవి విన్నాక కూడా ఆయన వద్దంటే, అది ఆయన డబ్బు, అక్కడితో ఆపేయండి, అమ్మని మధ్యవర్తిగా దింపకండి.

రెండోది, ఏడాది ఆగి గ్యారంటీ మొత్తం మీరే కూడబెట్టుకోవడం. ఏడాదికి బండి విలువ ఇంకాస్త తగ్గుతుంది, ఎవరి సంతకమూ అక్కర్లేదు. దెబ్బ ఏమిటంటే, మూడు నెలల సెలవుకి వచ్చే ఏడాది ఇదే మేనేజర్ ఉంటాడా, సరేనంటాడా అన్నది ఎవరి చేతుల్లోనూ లేదు. ముందు ఈ నోటిమాట సెలవునైనా మెయిల్‌లో రాయించుకోండి, దాని మీద కట్టిన ప్లానే ఇదంతా.

మూడోది మీకు నచ్చదు, అయినా చెప్తాను. బండిని ఇంట్లో ఉంచి, మీరు విమానం ఎక్కి, థాయిలాండ్‌లోనో లావోస్‌లోనో అద్దె బండి తీసుకోవడం. కార్నే లేదు, ఓడ లేదు, నాన్న సంతకం లేదు, బావ అలక లేదు. పోను రాను ఓడ ఖర్చు, రెండు రేవుల చార్జీలు, థాయి పర్మిట్ ఖర్చు కలిపి చూస్తే అద్దె చాలా వారాలకి సరిపోవచ్చు. అద్దె బండితో దేశాలు దాటడం కష్టం, ఒక్కో దేశంలో ఒక్కో బండి మార్చుకోవాలి. "నా బండి మీద వెళ్ళాను" అన్న తృప్తి ఉండదు, నాకు తెలుసు, ఆ తృప్తి కోసమే చాలామంది ఇంత తంటా పడతారు, దాన్ని తీసిపారేయను. మీకు కావాల్సింది ఆ దేశాలు చూడటమా, ఈ బండితో చూడటమా అన్నది మీరే తేల్చుకోవాలి, ఇందులో నా ఓటుకి విలువ లేదు.

మొదటి దారే అనుకుంటే ఈ వారం చేయాల్సినవి పెద్దగా లేవు. థాయి టూర్ కంపెనీకి మీ తేదీలతో మెయిల్ పెట్టండి, ఆర్‌సీ మీద లోన్ తాలూకు హైపోతికేషన్ ఇంకా ఉందేమో చూడండి, ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ లేకుండా మిగతా కాగితాలేవీ కదలవు. బావగారి జవాబులు మెయిల్‌లో వచ్చేదాకా ఇద్దరిలో ఎవరికీ అడ్వాన్సు ఇవ్వొద్దు. కార్నే అప్లికేషన్‌లో ఎన్ని పేజీల పుస్తకం కావాలని అడుగుతారు, ఐదు పేజీలది మీ రూట్‌కి సరిపోతుంది, తిరుగు ఓడ కూడా మలేషియా నుంచే అయితే ఆ దేశంలోకి రెండుసార్లు వెళ్తారు కాబట్టి దానికి రెండు పేజీలు పోతాయన్న సంగతి లెక్కలో పెట్టుకోండి.